ఆయాసం లేని ఉబ్బసం

“నాకు ఆయాసం లేదండీ, ఒట్టి దగ్గే. ఆయాసం మా తమ్ముడికి.”

ఓ.పి. గదిలో నా బల్ల పక్కన నుంచుని ఒక ఉపాధ్యాయిని అన్న మాటలివి. ఆమె వయస్సు 38 ఏళ్ళు. 4 నెలలుగా దగ్గు. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. ఎక్స్ రేలో ఏమీ కనబడలేదు. కళ్ళె పరీక్షలో క్షయ క్రిములు లేవన్నారు. అయినా ఆమెకు లోలోపల అనుమానం తీరలేదు. ఇంట్లో తన కంచం, తన గ్లాసు వేరుగా పెట్టుకుంది. పిల్లలకు అంటుతుందేమోనని రాత్రిళ్ళు వరండాలో పడుకుంటోంది. చల్లగాలికి దగ్గు ఇంకా ఎక్కువవుతోంది. తమ్ముణ్ణి బయటికి పంపాక గొంతు తగ్గించి మరో మాట చెప్పింది. దగ్గు తెర వచ్చినపుడు మూత్రం చుక్కలు పడుతున్నాయట. అందుకని పెళ్ళిళ్ళకూ, పేరంటాలకూ వెళ్ళడం మానేసిందట.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆమె నా దగ్గరకు రావడం అది రెండోసారి. మొదటిసారి వచ్చింది సోమవారం. వరండా నిండా జనం. వీపు మీద స్టెతస్కోపు పెట్టి చూశాను. పిల్లికూతలు వినబడలేదు. ఒక దగ్గు సిరప్పు, 5 రోజులకు యాంటీబయాటిక్ బిళ్ళలు రాసి పంపించాను. దగ్గు ఏ వేళకు వస్తోందని అడగలేదు. మీ యింట్లో ఎవరికైనా ఉబ్బసం వుందా అనీ అడగలేదు. ఆ రెండు ప్రశ్నలూ అప్పుడే అడిగి వుంటే ఆమెకు 2 నెలల అవస్థ తప్పేది.

ఆమెకున్నది ఉబ్బసమే. కాకపోతే ఆయాసం లేని ఉబ్బసం. వైద్య పరిభాషలో దీన్ని కాఫ్ వేరియంట్ ఆస్త్మా అంటారు. మనం “దగ్గు ఉబ్బసం” అనుకుందాం. వారాల తరబడి దగ్గుతూ, సీసాల కొద్దీ సిరప్పులు తాగుతూ, “నాకు ఆయాసం లేదు గనుక ఉబ్బసం కాదు” అని ధైర్యంగా వున్నవారు మన పాఠకుల్లో కూడా వుండి వుంటారు. వారి కోసమే యీ వ్యాసం.

జబ్బు ఒకటే, వేషాలు రెండు

ఉబ్బసం అనగానే మన కళ్ళకు కట్టే దృశ్యం ఒకటుంది. మనిషి మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ ఆనించి, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి కోసం అల్లాడుతుంటాడు. ఛాతీలోంచి పిల్లికూతలు పక్కగదిలోకి వినబడుతుంటాయి. ఇది మామూలు ఉబ్బసం. ఆ ఉపాధ్యాయిని తమ్ముడిది యీ రకమే.

ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకుపోయే గొట్టాలను శ్వాసనాళాలంటారు. ఉబ్బసం వున్నవారిలో యీ నాళాల లోపలి పొర ఎప్పుడూ కొద్దిగా వాచి, రేగిన పుండులా వుంటుంది. దుమ్ము, పొగ, చల్లగాలి, పడిశం – ఏది తగిలినా నాళాల చుట్టూ వుండే కండరాలు బిగుసుకుంటాయి. లోపల పొర ఉబ్బుతుంది. జిగురు కఫం ఊరుతుంది. ఇన్ని విధాలా సన్నబడిపోయిన దారిలోంచి గాలి దూరేటప్పుడు ఈల వేసినట్లు చప్పుడవుతుంది. అదే పిల్లికూత. గాలి చాలక ఆయాసం, ఛాతీ పట్టేసినట్లుండడం.

దగ్గు ఉబ్బసంలోనూ యీ వాపే వుంటుంది. నాళాలు యిట్టే రేగిపోయే గుణమూ వుంటుంది. కాని నాళాలు ఈల వేసేటంత, ఊపిరి చాలనంత సన్నబడవు. నాళాల గోడల్లో దగ్గును పుట్టించే నరాల కొసలు వుంటాయి. నాళం కాస్త బిగుసుకుంటే చాలు, యీ రోగుల్లో ఆ కొసలు తిరగబడతాయి. ఆయాసానికి బదులు దగ్గు తెరలు వస్తాయి. తమ్ముడి నాళాలు ఊపిరి ఆపుతున్నాయి. అక్క నాళాలు దగ్గు రేపుతున్నాయి. వాపు మాత్రం ఒకటే.

ఇది కొత్తగా పుట్టిన జబ్బేమీ కాదు. 1972లోనే అమెరికాలో దగ్గు ప్రధానంగా వున్న ఉబ్బసాన్ని గురించి రాశారు. 1979లో అక్కడి వైద్యులు కొందరు, దగ్గు తప్ప మరే లక్షణమూ లేని 6 గురు రోగులను పరీక్షించి, వారిది ఉబ్బసమేనని చూపించారు. ఉబ్బసం మందులతో వారి దగ్గు తగ్గింది. మామూలు దగ్గు మందులకు లొంగని దగ్గు ఉబ్బసం మందుకు లొంగడమే యీ జబ్బుకు పెద్ద గుర్తు.

తేడాలు ఎక్కడ?

మామూలు ఉబ్బసంలో రోగి వర్ణించే బాధలు నాలుగు: ఆయాసం, పిల్లికూతలు, ఛాతీ బిగుతు, దగ్గు. ఇవి ఒకరోజు ఎక్కువగా, మరోరోజు తక్కువగా వుంటాయి. దగ్గు ఉబ్బసంలో దగ్గు ఒక్కటే. అది చాలావరకు పొడిదగ్గు. కఫం వచ్చినా కొద్దిగా, తెల్లగా, జిగురుగా వుంటుంది.

మామూలు ఉబ్బసంలో, బాధ వున్న సమయంలో స్టెతస్కోపు పెడితే డాక్టరుకు కూతలు వినబడతాయి. దగ్గు ఉబ్బసంలో ఛాతీ శుభ్రంగా వుంటుంది. నేను మోసపోయింది ఇక్కడే.

మామూలు ఉబ్బసంలో ఊదుడు పరీక్ష చేస్తే గాలి వదలడంలో యిబ్బంది తరచు బయటపడుతుంది. దగ్గు ఉబ్బసంలో ఆ పరీక్ష చాలాసార్లు మామూలుగానే వస్తుంది. “అన్ని పరీక్షలూ బాగున్నాయి, యీ దగ్గు మీ మనస్సులోనే వుంది” అనిపించుకుని వచ్చేవారిలో యీ రోగులు కొందరుంటారు.

రెండింటికీ కలిసే గుర్తులు కూడా వున్నాయి. అవే మనకు దారి చూపిస్తాయి. మొదటిది వేళ. రెండు జబ్బులూ రాత్రిపూట, ముఖ్యంగా తెల్లవారుజామున 2 నుంచి 5 గంటల మధ్య విజృంభిస్తాయి. మన శ్వాసనాళాలు సహజంగానే ఆ వేళకు కొద్దిగా సన్నబడతాయి. రెండోది రేపే కారణాలు. పోపు ఘాటు, అగరొత్తి పొగ, దోమల చుట్ట, సెంటు వాసన, పండుగ ముందు అటకమీది సామాను దులపడం, పాత దూది పరుపు, మగ్గిన వాసన వేసే కూలరు, భోగిమంట పొగ, వయ్యారిభామ మొక్క పుప్పొడి – వీటిలో ఏదో ఒకటి తగలగానే దగ్గు అందుకుంటుంది. గట్టిగా నవ్వినా, గబగబా మెట్లెక్కినా, ఎక్కువసేపు మాట్లాడినా దగ్గు వస్తుంది. మూడోది ఒంటి తత్వం. చిన్నప్పుడు ఉబ్బసం వుండి పోవడం, పొద్దున్నే వరసగా తుమ్ములు, ఒంటిమీద దద్దుర్లు, దగ్గరి బంధువుల్లో ఉబ్బసం.

ఆ ఉపాధ్యాయినికి యీ మూడూ వున్నాయి. రోజూ తెల్లవారుజామున 3 గంటలకు దగ్గుతో లేచి కూర్చునేది. తరగతిలో పిల్లలు నవ్విస్తే నవ్వడానికి భయపడేది. తమ్ముడైతే ఎదురుగానే నుంచున్నాడు.

దగ్గల్లా ఉబ్బసం కాదు

ఇది చదివి, దగ్గు వస్తున్నవారంతా తమకు ఉబ్బసమేనని తీర్మానించుకోకూడదు. పడిశంతో వచ్చే దగ్గు 3 వారాల దాకా వుండవచ్చు. దానంతట అదే పోతుంది. పెద్దవారిలో 8 వారాలు దాటితే దాన్ని దీర్ఘకాలపు దగ్గు అంటాం. అయితే మన దేశంలో అన్నాళ్ళు ఊరుకోకూడదు. 2 వారాలు దాటిన ప్రతి దగ్గుకూ క్షయ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో యీ పరీక్షలూ, క్షయ అని తేలితే మందులూ ఉచితం. పరీక్ష లేకుండా అనుమానంతో ఎవరైనా క్షయ మందులు మొదలుపెడతామంటే “ముందు పరీక్ష చేయించండి” అని అడగడానికి మొహమాటపడవద్దు. 

తర్వాత మీ బిళ్ళల డబ్బా తీసి చూసుకోండి. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మందులు కొందరిలో గొంతులో గీరినట్లు పొడిదగ్గు తెప్పిస్తాయి. ఈ దగ్గుకు వేళాపాళా వుండదు. మందు మార్చిన 1 నుంచి 4 వారాల్లో సాధారణంగా తగ్గుతుంది. కొందరికి 3 నెలలు పట్టవచ్చు. కాని బిళ్ళ మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరుచేత మార్పించుకోండి. ప్రొప్రనొలాల్ వంటి మందులు, నీటికాసులకు కంట్లో వేసుకునే టిమొలాల్ చుక్కలు సైతం ఉబ్బసాన్ని రేపగలవు. మీరు వాడే కంటిచుక్కల సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.

ముక్కు వెనుకనుంచి గొంతులోకి కారే చీమిడి, కడుపులోని పులుపు పైకి ఎగదన్నడం – యీ రెండూ దీర్ఘకాలపు దగ్గుకు సామాన్య కారణాలే. ముక్కు దిబ్బడ, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం వుంటే మొదటిది. గుండెల్లో మంట, భోంచేసి పడుకోగానే దగ్గు, పుల్లని తేన్పులు వుంటే రెండోది అనుమానించాలి. బీడీ, సిగరెట్టు తాగేవారి దగ్గు వేరు; దానికి మొదటి మందు వాటిని మానడమే. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవారి ఊపిరితిత్తులూ పొగతాగేవారి ఊపిరితిత్తుల్లా దెబ్బతినవచ్చు.

కళ్ళెలో నెత్తురు, సాయంత్రాలు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, గొంతు బొంగురుపోవడం, కాళ్ళవాపు, పొగతాగేవారిలో పాత దగ్గు తీరు మారడం – వీటిలో ఏది వున్నా దగ్గు ఉబ్బసం అనుకుంటూ ఇంట్లో కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఎలా తేల్చుకోవాలి?

ముందు ఛాతీ ఎక్స్ రే, కళ్ళె పరీక్ష. అవి బాగుంటే స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్ష. ఒకసారి ఊదించి, నాళాలను వదులుచేసే మందు పీల్పించి, కాసేపాగి మళ్ళీ ఊదిస్తారు. రెండోసారి గాలి బాగా ఎక్కువగా వస్తే ఉబ్బసమని అర్థం. రాకపోయినంత మాత్రాన కాదని కాదు. పెద్ద ఆసుపత్రుల్లో మెథకోలిన్ అనే మందును కొద్దికొద్దిగా పీల్పించి నాళాలు ఎంత త్వరగా బిగుసుకుంటాయో చూసే పరీక్ష కూడా వుంది. ఆ సౌకర్యం అన్నిచోట్లా వుండదు.

చిన్న ఊళ్ళో కూడా వీలయ్యే పద్ధతి ఒకటుంది. పీక్ ఫ్లో మీటరు అనే చిన్న గొట్టం మందుల దుకాణాల్లో కొనుక్కోవచ్చు. గట్టిగా ఊదితే ముల్లు ఒక అంకెమీద ఆగుతుంది. 2 వారాలపాటు రోజూ ఉదయం, సాయంత్రం మూడేసిసార్లు ఊది, వాటిలో పెద్ద అంకె రాసుకోవాలి. ఆ ఉపాధ్యాయిని తన స్కూలు డైరీలో రాసి తెచ్చింది. ఉదయం 320, సాయంత్రం 380. అంటే పొద్దుటికీ సాయంత్రానికీ తేడా 60. సగటు 350 మీద అది నూటికి 17 వంతులు. పెద్దవారిలో రోజువారీ తేడా సగటున నూటికి 10 దాటితే ఉబ్బసం అనుమానం బలపడుతుంది. స్టెతస్కోపుకు దొరకనిది ఆమె డైరీలో దొరికింది.

చివరి సాక్ష్యం మందే. పీల్చే మందు మొదలుపెట్టాక దగ్గు తగ్గితే రోగ నిర్ణయం ఖాయమైనట్లు. అయితే మరో చిక్కు వుంది. నాళాలు బిగుసుకునే గుణం లేకుండా వాపు మాత్రమే వుండి దగ్గు తెప్పించే రకమూ ఒకటుంది. దానికీ పీల్చే స్టిరాయిడ్ పనిచేస్తుంది. పోతే, 8 వారాలు సరిగ్గా వాడినా మార్పు లేకపోతే మందు పెంచుకుంటూ పోవడం కాదు, మొదటినుంచీ మళ్ళీ ఆలోచించాలి.

మందు ఏమిటి?

మామూలు ఉబ్బసానికీ, దగ్గు ఉబ్బసానికీ వైద్యం దాదాపు ఒకటే: వాపును తగ్గించే స్టిరాయిడ్ మందును పీల్చడం. అవసరాన్నిబట్టి నాళాలను వదులుచేసే మందు కలిపి యిస్తారు. స్టిరాయిడ్ అనగానే బెదిరిపోకండి. ఉబ్బసం ముదిరినపుడు మింగే బిళ్ళలు రోజుకు 30, 40 మిల్లీగ్రాములు వాడవలసి వస్తుంది. పీల్చే మందు సాధారణంగా రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు. 1 మిల్లీగ్రాములో 1000 మైక్రోగ్రాములు. లెక్క మీరే వేసుకోండి. పైగా అది చాలావరకు వాపున్న చోటికే చేరుతుంది. పీల్చే స్టిరాయిడ్ మందు 1972 నుంచీ వాడుకలో వుంది. “ఇన్ హేలరు ఆఖరి మందు, ఒకసారి పట్టుకుంటే వదలదు” అనేది అపోహ. మత్తు కలిసిన దగ్గు సిరప్పులే అలవాటు పడతాయి.

దగ్గు ఒక్కరోజులో ఆగదు. మొదటి వారంలో నిద్ర బాగుపడుతుంది. పూర్తిగా తగ్గడానికి 6, 8 వారాలు పట్టవచ్చు. తగ్గిందని ఆపితే, కింద వాపు యింకా వుంటుంది గనుక దగ్గు తిరిగి వస్తుంది. కనీసం 3 నెలలు నెమ్మదిగా వున్న తర్వాత డాక్టరు మోతాదు తగ్గిస్తారు.

నిర్లక్ష్యం చేస్తే? దగ్గు ఉబ్బసం వున్న పెద్దవారిలో దాదాపు మూడోవంతు మందికి కొన్నేళ్ళలో ఆయాసం, కూతలతో కూడిన మామూలు ఉబ్బసం వస్తుంది. పీల్చే స్టిరాయిడ్ వాడితే ఆ ప్రమాదం తగ్గుతుంది. ఈ దగ్గును పట్టుకోవడం వల్ల అసలు లాభం యిదే.

తేనె, మిరియాల కషాయం గొంతుకు హాయినిస్తే తాగండి. నాళాల వాపును మాత్రం అవి తీసివేయవు. మృగశిర కార్తెకు హైదరాబాదులో చేపమందు కోసం బారులు తీరేవారికీ నేను చెప్పేది ఒక్కటే. అది మింగామని ఇన్ హేలరు ఆపవద్దు. తొలకరి చినుకులతో పడిశాలు, ఉబ్బసాలు రేగేదీ ఆ రోజుల్లోనే.

పీల్చడం తెలియాలి

మందు గొట్టం కొని యింట్లో పెట్టుకుంటే సరిపోదు. గ్యాసు రకం ఇన్ హేలరయితే బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూ నెమ్మదిగా లోతుగా పీల్చి, 10 సెకండ్లు ఊపిరి బిగబట్టాలి. స్పేసర్ అనే డబ్బా తగిలించుకుంటే సులువు. పొడి రకమయితే నెమ్మదిగా కాదు, ఒక్క ఊపున గట్టిగా పీల్చాలి. పొడి క్యాప్సూళ్ళను నీళ్ళతో మింగి “మందు పనిచేయలేదు” అని వచ్చినవారిని నేను చాలామందిని చూశాను. రాసిచ్చిన డాక్టరో, సిస్టరో ఒక్కసారి చేసి చూపించకపోవడం వల్ల వచ్చే పొరపాటది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మివేయండి. లేకపోతే నోట్లో తెల్లని పూత, గొంతు బొంగురు వస్తాయి.

తమ్ముడి సంగతి

ఆ రోజు నాకు అక్కకన్న తమ్ముణ్ణి చూస్తే ఎక్కువ భయం వేసింది. జేబులో సాల్బుటమాల్ ఇన్ హేలరు వుంది. ఆయాసం వచ్చినపుడల్లా నొక్కుకుంటాడు. వారంలో ఎన్నిసార్లో లెక్కలేదు. వాపు తగ్గించే మందు ఒక్కటీ వాడడం లేదు. ఇది నిప్పు ఆర్పకుండా పొగను విసురుకోవడం వంటిది. 2019 నుంచీ అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు, పెద్దవారు యీ ఉపశమన మందు ఒక్కదానిమీదే ఆధారపడకూడదనీ, స్టిరాయిడ్ కూడా తప్పక వుండాలనీ చెబుతున్నాయి. ఆయాసంతో ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, ఆయాసం వుండగానే కూతలు ఆగిపోయినా అది ప్రాణాపాయం. క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. కూతలు ఆగడం తగ్గినట్లు కాదు. గాలి ఆడడం లేదన్నమాట.

అక్కకూ తమ్ముడికీ ఒకే రకం మందు రాశాను. మోతాదులే వేరు. 6 వారాలకు ఆమె దగ్గు పోయింది. మూత్రం బాధ కూడా దగ్గుతోపాటే పోయింది. మూడో నెలలో నాకు చెప్పకుండా మందు ఆపింది. సంక్రాంతి చలికి దగ్గు తిరిగి వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాం. కంచం, గ్లాసు ఎప్పుడో అందరి గిన్నెల్లో కలిపేసిందట. వరండాలో మంచం తీసేసి పిల్లల దగ్గరే పడుకుంటోంది.

పాఠకులకు నా మనవి ఒక్కటే. మా ఓ.పి. గదుల్లో రద్దీ మీకు తెలుసు. డాక్టరు అడగకపోవచ్చు, నేను అడగనట్లే. మీరే చెప్పండి: దగ్గు ఎన్ని వారాలనుంచి, ఏ వేళకు, ఏది తగిలితే వస్తోంది, యింట్లో ఎవరికి ఉబ్బసం వుంది, ఏ ఏ మందులు వాడుతున్నారు. ఒక కాగితం ముక్కమీద రాసుకుని వెళ్ళి బల్లమీద పెట్టండి. చదవడానికి డాక్టరుకు నిమిషం కూడా పట్టదు.